స్టిరాయిడ్‌కు ముందు నట్టల పరీక్ష: కీళ్లవాతం ఉన్నవారి రక్తంలో యాంటీబాడీని ఎట్లా చదవాలి

రిపోర్టులో ఉండేది ఒక్క వరుసే. స్ట్రాంగిలాయిడిస్ ఐజీజీ, ఇండెక్స్ 1.6, పాజిటివ్. స్ట్రాంగిలాయిడిస్ అంటే పేగుల్లో ఉండే ఒక నట్ట. ఐజీజీ ఒక తరగతి యాంటీబాడీ. స్టిరాయిడ్ లాంటి మందులు పడితే ఈ పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు, అందుకే ముందు ఈ పరీక్ష. రక్తం ఇచ్చిన మనిషి మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమకాలువ కింద ఇరవై ఏళ్లుగా నాట్లు వేసిన కూలీ అనుకుందాం. రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది, రుమటాయిడ్ ఫ్యాక్టర్ (ఆర్ఎఫ్) చాలా ఎక్కువ, మెథోట్రెక్సేట్‌కు అదుపు కాక, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను తుడిచేసే రిటుక్సిమాబ్ ఎక్కించాలని హైదరాబాద్‌లో నిర్ణయమైంది. ఆ 1.6కు నాలుగు అర్థాలు ఉండవచ్చు. పేగుల్లో పురుగు ఇప్పుడు ఉండవచ్చు. ఎప్పుడో ఉండి పోయిన పురుగు ఆనవాలు కావచ్చు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు మీద తయారైన యాంటీబాడీ ఈ కిట్‌కు కూడా పట్టుకుని ఉండవచ్చు. లేదా ఏ పురుగుతోనూ సంబంధం లేకుండా, కీళ్లవాతం వల్ల రక్తంలో పేరుకున్న గ్లోబ్యులిన్లే (యాంటీబాడీలు ఉండే ప్రొటీన్లే) ప్లేటుకు అంటి ఉండవచ్చు. కిట్ ఈ నాలుగింటినీ విడదీయదు. రంగు ఎంత వచ్చిందో చెప్పి ఊరుకుంటుంది.

అదే మనిషికి నెగెటివ్ వస్తే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. నెలల తరబడి స్టిరాయిడ్ మింగిన ఒంట్లో పురుగు ఉండి కూడా యాంటీబాడీ తగినంత తయారు కాకపోవచ్చు. ఆటోఇమ్యూన్ జబ్బు (ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడేది) ఉన్నవారిలో పరీక్ష రెండువైపులా తప్పుతుంది. కానీ రెండు తప్పుల ఖరీదు ఒకటి కాదు. ఏ పురుగు విషయంలో ఏ తప్పు ఎంత నష్టం తెస్తుందో తెలియనిదే పాజిటివ్, నెగెటివ్ అన్న మాటలకు విలువ లేదు.

ప్లేటు మీద జరిగేది

ఈ యాంటీబాడీ పరీక్ష పేరు ఎలైజా. దాని ప్లేటులోని ప్రతి వెల్ (చిన్న గుంట) అడుగున పురుగు నుంచి తీసిన ప్రొటీన్ పూత ఉంటుంది. రోగి సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని), కిట్‌ను బట్టి 64 రెట్లో 100 రెట్లో పలచన చేసి అందులో వేస్తారు. పురుగు మీద యాంటీబాడీ ఉంటే పూతకు పట్టుకుంటుంది. కడిగేశాక, మనిషి యాంటీబాడీని గుర్తుపట్టే రెండో యాంటీబాడీ వేస్తారు. దానికి ఒక ఎంజైము తగిలించి ఉంటుంది. మళ్లీ కడిగి టీఎంబీ ద్రావణం పోస్తే నీలంరంగు తేలుతుంది. ఆమ్లం వేయగానే అది పసుపుగా మారుతుంది. 450 నానోమీటర్ల దగ్గర ఆ పసుపును కొలుస్తారు. కిట్ ఇచ్చిన కటాఫ్‌తో భాగిస్తే వచ్చేదే ఇండెక్స్. చాలా కిట్లలో 0.9 లోపు నెగెటివ్, 1.1 పైన పాజిటివ్, మధ్యది తేలనిది.

ఈ దారిలో ఆర్ఎఫ్ అడ్డుపడేది ఎక్కువగా ఐజీఎం పరీక్షల్లో. ఐజీఎం అంటే ఇన్ఫెక్షన్ తగిలినప్పుడు ముందుగా పుట్టే తరగతి యాంటీబాడీ. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అంటే ఐజీజీ యాంటీబాడీ తోకను పట్టుకునే మరో యాంటీబాడీ. అది చాలావరకు ఐజీఎం తరగతిదే. ఎప్పుడో తగిలిన ఇన్ఫెక్షన్ తాలూకు ఐజీజీ మామూలుగానే పూతకు పట్టుకుంటుంది. దాని తోకను ఆర్ఎఫ్ పట్టుకుంటుంది. ఐజీఎంను వెతుక్కుంటూ వచ్చిన రెండో యాంటీబాడీకి అక్కడ ఐజీఎం కనిపిస్తుంది. అది పురుగు మీదిదా, ఐజీజీ మీదిదా అని అడగదు. రంగు వస్తుంది, 'తాజా ఇన్ఫెక్షన్' అని రిపోర్టు వస్తుంది. ఇందుకు రెండు విరుగుళ్లు ఉన్నాయి. సీరాన్ని ముందే మనిషి ఐజీజీని గుంజేసే ద్రావణంతో కలిపి, పట్టుకోవడానికి ఐజీజీ లేకుండా చేయడం ఒకటి. ప్లేటు అడుగున పురుగు ప్రొటీన్‌కు బదులు ఐజీఎంను ముందుగా బంధించే పద్ధతి రెండోది. దాన్ని ఐజీఎం క్యాప్చర్ ఎలైజా అంటారు. కిట్ పత్రంలో ఈ రెండింటిలో ఏదీ రాసి లేకపోతే, ఆర్ఎఫ్ ఎక్కువున్న మనిషికి ఆ ఐజీఎం పాజిటివ్ మీద ఏ నిర్ణయమూ పెట్టకూడదు.

ఐజీజీ ఎలైజాలో ఆర్ఎఫ్ దెబ్బ అంత ఉండదు. అక్కడి చిక్కు గ్లోబ్యులిన్ల వరద. లూపస్, షోగ్రెన్స్ వంటి జబ్బుల్లో బి కణాలు అవసరం ఉన్నా లేకున్నా యాంటీబాడీలు కుమ్మరిస్తుంటాయి. వాటిలో కొన్ని ప్లాస్టిక్‌కు, పూతకు ఊరికే అంటుకుంటాయి. దీన్ని పసిగట్టడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. మామూలు లివర్ ఫంక్షన్ రిపోర్టులో టోటల్ ప్రొటీన్ నుంచి అల్బుమిన్ తీసేస్తే గ్లోబ్యులిన్ వస్తుంది. అది డెసిలీటరుకు 4 గ్రాములు దాటిందంటే, కటాఫ్‌కు కొంచెం పైన ఉన్న ఏ ఎలైజా పాజిటివ్‌నైనా అనుమానంగానే చూడాలి. పురుగు పూత లేని వెల్‌లో అదే సీరం వేసి చూడగల ల్యాబు అయితే ఇంకా మంచిది. ఖాళీ వెల్ కూడా పసుపెక్కితే సంగతి తేలినట్టే.

ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో, అంటే యాంటీబాడీ పట్టుకున్న చోటు మెరిసేలా చేసి చూసే పరీక్షలో, మరో ఉచ్చు ఉంది. అక్కడ స్లైడు మీద ఉండేది మొత్తం పరాన్నజీవి కణం. దానికీ కేంద్రకం ఉంటుంది. ఏఎన్ఏ అంటేనే కేంద్రకాన్ని పట్టుకునే యాంటీబాడీ. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి ఈ పద్ధతిలో చేసిన పరీక్షలు ఏఎన్ఏ ఉన్నవారిలో తప్పుడు పాజిటివ్ ఇస్తాయని చాలాకాలంగా తెలుసు. పాజిటివ్ అన్న మాటొక్కటే రాసి, మెరిసింది కణం అంచా, కేంద్రకమా అన్నది రాయని రిపోర్టు వల్ల లాభం లేదు.

నల్లగొండలో ఫైలేరియా నీడ

నల్లగొండ బోదకాలుకు పాత చిరునామా. ఏటేటా ఊరూరా ఫైలేరియా నివారణకు డీఈసీ, ఆల్బెండజోల్ మందులు మింగించిన జిల్లా. క్యూలెక్స్ దోమ కుట్టి, పురుగు స్థిరపడకుండానే పోయినవారిలో కూడా ఫైలేరియా యాంటీబాడీ ఉండిపోతుంది. స్ట్రాంగిలాయిడిస్ ఎలైజాల్లో చాలావాటి పూత, లార్వాలను (పిల్ల పురుగులను) నూరి తీసిన ముడి ప్రొటీన్. గుండ్రటి పురుగులన్నీ దూరపు చుట్టాలే కాబట్టి ఫైలేరియా యాంటీబాడీ దానికీ పట్టుకుంటుంది. అమెరికాలోనో యూరప్‌లోనో కొలిచి కిట్ పత్రంలో రాసిన స్పెసిఫిసిటీని (పురుగు లేనివారికి సరిగా నెగెటివ్ ఇచ్చే శాతాన్ని) ఇక్కడ యథాతథంగా నమ్మడానికి లేదు.

లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. వెయ్యిమంది రోగుల్లో 50 మందికి నిజంగా స్ట్రాంగిలాయిడిస్ ఉందనీ, పరీక్ష 90 శాతం పట్టుకుంటుందనీ, పురుగు లేనివారిలో 90 శాతం మందికి సరిగా నెగెటివ్ ఇస్తుందనీ అనుకుందాం. నిజమైన పాజిటివ్‌లు 45, తప్పుడువి 95. అంటే పాజిటివ్ వచ్చిన ముగ్గురిలో ఒకరికే పురుగు ఉన్నట్టు. ఫైలేరియా, గ్లోబ్యులిన్లు కలిసి స్పెసిఫిసిటీని 80కి దించితే తప్పుడువి 190 అవుతాయి, అప్పుడు అయిదుగురిలో ఒకరికి కూడా ఉండదు. ఎన్ఐఈ అనే ఒకే ప్రొటీన్‌ను ల్యాబులో తయారుచేసి పూత పూసిన కిట్లలో ఈ పొరపాటు తక్కువ. ఏ కిట్‌తో చేశారో ల్యాబును అడగడం రోగి హక్కు. అడిగేవాళ్లే తక్కువ.

ఫైలేరియాకు మాత్రం యాంటీబాడీ మీద ఆధారపడాల్సిన అవసరం దాదాపు లేదు. పురుగు విడుదల చేసే యాంటిజెన్‌ను పట్టే స్ట్రిప్ ఉంది. వేలికొస నుంచి 75 మైక్రోలీటర్ల రక్తం, 10 నిమిషాలు, అంతే. పగలైనా చేయొచ్చు. పది నిమిషాలు దాటాక చదివితే లేని గీత తేలుతుంది, ఆ పొరపాటు తరచూ జరిగేదే. రాత్రి పదికీ రెండుకీ మధ్య తీసిన రక్తపు పూత ఇప్పటికీ పనికొస్తుంది, కానీ పెద్ద పురుగు ఉండి పిల్లలు రక్తంలో తిరగనివారిని అది వదిలేస్తుంది. ఎలైజాలో స్ట్రాంగిలాయిడిస్ పాజిటివ్ వచ్చిన నల్లగొండ మనిషికి ఈ స్ట్రిప్ కూడా చేయిస్తే, ఇప్పుడు ఒంట్లో ఫైలేరియా ఉందా అన్న ప్రశ్న తేలుతుంది. స్ట్రిప్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన పాత ఫైలేరియా యాంటీబాడీ లేదని కాదు.

ఒక చోట మాత్రం ఫైలేరియా యాంటీబాడీయే అక్కరకొస్తుంది. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఎక్స్‌రేలో చిన్న చిన్న మచ్చలు, ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,000 పైన, ఐజీఈ తరగతి యాంటీబాడీ 1,000 యూనిట్లు దాటడం, ఇవన్నీ కలిస్తే ట్రాపికల్ పల్మనరీ ఇయోసినోఫిలియా, అంటే ఫైలేరియా వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు. అందులో రక్తపు పూతలో పురుగు దొరకదు, యాంటీబాడీ మాత్రం విపరీతంగా ఉంటుంది. ఇదే చిత్రం ఈజీపీఏ అనే రక్తనాళాల వాపు జబ్బుదీ. దానికి నెలల తరబడి స్టిరాయిడ్లు, తీవ్రంగా ఉంటే సైక్లోఫాస్ఫమైడ్. మొదటిదానికి కిలోకు 6 మి.గ్రా. చొప్పున డీఈసీ, మూడు వారాలు. నరాలు, చర్మం, మూత్రపిండాల మీద ఆటోఇమ్యూన్ జాడ ఏదీ లేనప్పుడు, ఈ జిల్లాల మనిషికి ముందు డీఈసీని తలచుకోవడమే తర్కం.

టాక్సోప్లాస్మా: ఫారంలో ఒక టిక్కు

లూపస్ ఉన్న గర్భిణికి టార్చ్ ప్యానెల్ (కడుపులో బిడ్డకు సోకే ఇన్ఫెక్షన్ల పరీక్షలు) రాయడం అలవాటుగా మారింది. ఫారంలో ఒక్క టిక్కు పెడితే సరిపోతుంది కాబట్టి కావచ్చు. టాక్సోప్లాస్మా ఐజీఎం పాజిటివ్ వస్తే ఇంట్లో పిడుగు పడ్డట్టే. కడుపు ఉంచుకోవాలా వద్దా అన్నదాకా మాట వెళుతుంది. ఆ ఐజీఎం ఆర్ఎఫ్ చేసిన మాయ కావచ్చు. నిజమే అయినా, టాక్సో ఐజీఎం ఏడాదికి పైగా నిలవగలదు కాబట్టి గర్భానికి ముందు తగిలిందీ కావచ్చు.

విడదీసే దారి కష్టమైనది కాదు. ఐజీఎం ఉండి ఐజీజీ లేకపోతే రెండు మూడు వారాలాగి అదే ల్యాబులో, అదే కిట్‌తో మళ్లీ చూడాలి. అప్పటికీ ఐజీజీ పుట్టకపోతే ఆ ఐజీఎం ఉత్తిదే. రెండూ ఉంటే ఐజీజీ ఎవిడిటీ చేయించాలి. యాంటీబాడీ యాంటిజెన్‌ను ఎంత గట్టిగా పట్టుకుందో అది చెబుతుంది. పట్టు గట్టిగా ఉంటే ఇన్ఫెక్షన్ దాదాపు నాలుగు నెలల కన్నా పాతది. మూడో నెల లోపు తీసిన రక్తంలో పట్టు గట్టిగా ఉందంటే గర్భంలో తగిలింది కాదు. పట్టు బలహీనంగా ఉండటం మాత్రం దేన్నీ రుజువు చేయదు, కొందరిలో అది నెలల తరబడి బలహీనంగానే ఉంటుంది. మొదటి రక్తంలో మిగిలిన సీరాన్ని ల్యాబు పారేయకుండా దాచి, రెండోదానితో కలిపి ఒకే ప్లేటు మీద నడిపితే పోలిక నికరంగా ఉంటుంది.

గొర్ల మందలు, నీటితిత్తులు

పాలమూరు గొర్ల పెంపకానికి పేరున్న జిల్లా. యాటను కోసినప్పుడు కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటిబుగ్గలు కనిపిస్తే తీసి కుక్కకు వేయడం చాలా ఊర్లలో మామూలు. హైడాటిడ్ పురుగు బతుకుచక్రం తిరిగేది సరిగ్గా అట్లాగే. కుక్క పేగుల్లో పురుగు, దాని మలంలో గుడ్లు, ఆ గుడ్లు గొర్రెకో మనిషికో. మనిషి కార్జంలో తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పెరుగుతుంది.

ఇక్కడ యాంటీబాడీ పరీక్ష రెండో వరుసలో నిలబడాలి. తిత్తి గోడ చెక్కుచెదరకుండా ఉంటే పురుగు ప్రొటీన్ బయటికి రాదు, యాంటీబాడీ పుట్టదు. గడ్డకట్టి సున్నం పేరుకున్న ముసలి తిత్తుల్లోనూ అంతే. ఊపిరితిత్తుల్లోని తిత్తిని పరీక్ష కార్జంలోని తిత్తి కన్నా ఎక్కువసార్లు వదిలేస్తుంది. మరోవైపు తిత్తి నీటిని పూతగా వాడిన ఎలైజాకు సిస్టిసర్కోసిస్ (బద్దెపురుగు లార్వాల జబ్బు) యాంటీబాడీలూ పట్టుకుంటాయి. కాబట్టి కీళ్లవాతానికి ఇచ్చే టీఎన్ఎఫ్ నిరోధకం మందు మొదలుపెట్టే ముందు గొర్ల కాపరికి చేయాల్సిన మొదటి పని కడుపు అల్ట్రాసౌండ్. ఛాతీ ఎక్స్‌రే క్షయ కోసం ఎట్లాగూ తీస్తారు, దాన్నే ఈ కళ్లతో కూడా చూడాలి. తిత్తి కనిపించాకే సీరాలజీ, అంటే యాంటీబాడీ పరీక్ష. తిత్తి లేకుండా సీరాలజీ ఒక్కటే పాజిటివ్ అయితే హైడాటిడ్ మందు మొదలుపెట్టే కారణం లేదు.

మెదడులో సిస్టిసర్కోసిస్ సంగతి దీని తమ్ముడే. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఒకే ఒక్క గడ్డ. ఎన్నో తిత్తులు ఉన్నవారిలో దాదాపు తప్పని ఈఐటీబీ అనే బ్లాట్ పరీక్ష కూడా ఒంటి గడ్డను చాలాసార్లు పట్టలేదు. ముడి ప్రొటీన్ ఎలైజా దానికన్నా అధ్వానం. ఎంఆర్ఐ చూసిందే సాక్ష్యం.

మలేరియా కార్డు యాంటీబాడీ పరీక్ష కాదు, యాంటిజెన్‌ను వెతుకుతుంది. అయినా అందులో పట్టేవీ, రంగు చూపేవీ యాంటీబాడీలే కాబట్టి ఆర్ఎఫ్ ఆ రెంటి మధ్య వంతెన కట్టి లేని గీత తేవచ్చు. లూపస్ రోగికి జ్వరం వచ్చి కార్డు పాజిటివ్ అయితే రక్తపు పూత కూడా చూసి తీరాలి. మలేరియా యాంటీబాడీ పరీక్ష అంటూ ఎవరైనా రాస్తే అది జ్వరం నిర్ధారణకు పనికిరాదు, అది పాత మలేరియాను కూడా చూపిస్తుంది.

తిరగేసి చూస్తే

ఇంతవరకు జబ్బు పరీక్షను ఎట్లా పాడుచేస్తుందో చూశాం. పురుగు కూడా ఆటోఇమ్యూన్ పరీక్షను పాడుచేస్తుంది. మలేరియా, కాలా ఆజార్ (ప్లీహం పెరిగే పరాన్నజీవి జ్వరం), కుష్ఠు, క్షయ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, హెపటైటిస్ సి, వీటన్నింటిలో ఆర్ఎఫ్ పాజిటివ్ రావచ్చు. ఏఎన్ఏ అయితే ఏ జబ్బూ లేని వారిలో కూడా 40 రెట్ల పలచన దగ్గర దాదాపు 30 శాతం మందికి, 160 రెట్ల దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ వస్తుంది. బిహార్ నుంచి ఇటుకబట్టీల పనికి వచ్చిన మనిషికి నెలల తరబడి జ్వరం, పెద్ద ప్లీహం, తగ్గిన రక్తకణాలు, పైగా ఏఎన్ఏ పాజిటివ్ ఉంటే, లూపస్ అని స్టిరాయిడ్ మొదలుపెట్టే ముందు కాలా ఆజార్ ఆర్‌కే39 స్ట్రిప్ చేయాలి. అది మన జిల్లాల జబ్బు కాదు, కానీ మనుషులు జిల్లాలు దాటుతారు.

నల్లగొండలో ఇంకొక పొర ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు కీళ్లు బిగిసిపోయిన పెద్దవాళ్లలో కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ కావచ్చు. నడుము, మెడ వంగవు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నంగా మారి కనిపిస్తుంది. అట్లాంటి మనిషికి ఆర్ఎఫ్ ఏదో కొంచెం పాజిటివ్ వస్తే చాలు, కీళ్లవాతం అని ముద్రపడి స్టిరాయిడ్ మొదలవుతుంది. అవసరం లేని స్టిరాయిడ్ పేగుల్లో నిద్రపోతున్న నట్టను లేపుతుంది. కీళ్లవాతానికే చేసే మరో యాంటీబాడీ పరీక్ష యాంటీ సీసీపీ, ఆర్ఎఫ్ కన్నా నమ్మదగినది, ఎక్స్‌రేతో కలిపి చూస్తే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది.

ఏ మందు, ఎప్పుడు తీసిన రక్తం

యాంటీబాడీ పరీక్షకు రక్తం తీసే తేదీ కిట్ కన్నా ముఖ్యం. రిటుక్సిమాబ్ బి కణాలను ఆరు నెలలకు తక్కువ కాకుండా తుడిచేస్తుంది. అప్పటికే ఎముక మజ్జలో స్థిరపడిన ప్లాస్మా కణాలు పాత ఐజీజీని తయారుచేస్తూనే ఉంటాయి కాబట్టి పాత పాజిటివ్ పాజిటివ్‌గానే ఉంటుంది. ఆ తర్వాత కొత్తగా తగిలిన పురుగుకు మాత్రం యాంటీబాడీ లేవదు. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్, సైక్లోఫాస్ఫమైడ్ మీద ఉన్నవారి నెగెటివ్‌కూ పూర్తి విలువ ఇవ్వలేం. ఐవీఐజీ దీనికి వ్యతిరేకం. అది వేలమంది దాతల యాంటీబాడీల మిశ్రమం, రక్తంలో సగానికి తగ్గడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఎక్కించాక నెలల పాటు టాక్సో ఐజీజీ పాజిటివ్ వస్తే అది దాతలది. అందుకే ఈ మందుల్లో ఏది మొదలుపెట్టినా ముందురోజు తీసిన సీరాన్ని ఒక మి.లీ. అయినా మైనస్ 20 డిగ్రీల్లో దాచడం మంచి ల్యాబు లక్షణం.

స్టిరాయిడ్ ఇంకో ఆధారాన్ని చెరిపేస్తుంది. ఇయోసినోఫిల్స్ 500 దాటితే నట్టల అనుమానం రావాలి. కానీ స్టిరాయిడ్ పడ్డ కొన్ని గంటల్లోనే అవి పడిపోతాయి. స్టిరాయిడ్ మీద ఉన్న మనిషికి ఇయోసినోఫిల్స్ మామూలుగా ఉన్నాయంటే పురుగు లేదని అర్థం కాదు. పాత రిపోర్టులు, మందు మొదలుకాకముందు తీసిన సీబీపీ (రక్తకణాల లెక్క) వెతికించి చూడాలి. ఊర్లో నొప్పులకు వేసే సూదిమందు కూడా లెక్కలోకి రావాలి. డెక్సామెథాసోన్ 8 మి.గ్రా. అంటే ప్రెడ్నిసొలోన్ 50 మి.గ్రా. పైమాటే. 'స్టిరాయిడ్లు వాడారా' అని అడిగితే లేదంటారు, 'నొప్పులకు సూది వేయించుకుంటారా' అని అడిగితే వారానికి రెండని చెబుతారు.

ఇక రక్తం సంగతి. 3 నుంచి 5 మి.లీ. రక్తం, ఎర్ర మూత లేదా జెల్ ఉన్న పసుపు మూత ట్యూబులో. కనీసం 30 నిమిషాలు నిలబెట్టి పూర్తిగా గడ్డకట్టనివ్వాలి, తొందరపడి తిప్పితే సీరంలో మిగిలిన ఫైబ్రిన్ పోగులు వెల్‌కు పట్టుకుని తప్పుడు రంగు ఇస్తాయి. తర్వాత పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో సీరం వేరుచేయని ట్యూబును బస్సులో హైదరాబాద్ పంపితే ఎర్రకణాలు పగిలిన రక్తం చేరుతుంది. సీరం వేరుచేసి 2 నుంచి 8 డిగ్రీల జెల్ ప్యాక్‌లో పంపాలి. సీరం వేరుచేయని రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించకూడదు. సీరాన్ని కూడా మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడవుతుంది. పాత పద్ధతిలో 56 డిగ్రీల్లో అరగంట వేడిచేసే అలవాటు కొన్ని ల్యాబుల్లో ఇంకా ఉంది. వేడికి ఐజీజీ ముద్దకట్టి, ఆర్ఎఫ్ లేనివారిలోనూ తప్పుడు పాజిటివ్ తేగలదు. ఎలైజాకు అది అక్కర్లేదు.

మళ్లీ ఆ 1.6

స్ట్రాంగిలాయిడిస్ మిగతా నట్టల్లాంటిది కాదు. చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరుతుంది, పేగుల్లో చేరి, అక్కడే పుట్టిన లార్వాలు మళ్లీ అదే మనిషిలోకి దూరుతాయి. ఆ చక్రం దశాబ్దాలు తిరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలో బందీలైన సైనికుల్లో 40 ఏళ్ల తర్వాత కూడా దొరికింది. పొలం అమ్మి పదిహేనేళ్ల కింద పట్నం చేరినవారికి కూడా ఇది వర్తిస్తుంది. రోజుకు 20 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ రెండు వారాలు దాటితే ప్రమాదం మొదలైనట్టు లెక్క. అంతకన్నా తక్కువలో కూడా జరిగిన సందర్భాలు ఉన్నాయి. లార్వాలు పేగులోని బాక్టీరియాను మోసుకుంటూ ఊపిరితిత్తులకు, మెదడుకు పాకితే చాలామంది బతకరు. ఆ దశలో ఊపిరితిత్తుల మీద నీడలు చూసి లూపస్ ముదిరిందనుకుని స్టిరాయిడ్ పెంచడం జరిగే అతిపెద్ద తప్పు. అప్పుడు యాంటీబాడీ నెగెటివ్ కూడా రావచ్చు, కఫంలో, మలంలో లార్వాను సూక్ష్మదర్శినితో వెతకాలి.

ఒక్కసారి మలపరీక్షలో లార్వా దొరికే అవకాశం 30 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. వేరువేరు రోజుల్లో మూడు నుంచి ఏడుసార్లు చూస్తే మెరుగు. అగార్ ప్లేటు ఇంకా మంచిది. తాజా మలం రెండు గ్రాములు మధ్యలో పెట్టి, అంచు మూసి, గది వేడిలో రెండు రోజులు ఉంచితే లార్వాలు పాకిన దారుల వెంట బాక్టీరియా గీతలుగా మొలుస్తుంది. మలాన్ని ఫ్రిజ్‌లో పెడితే లార్వాలు చస్తాయి, ప్లేటు ఖాళీగా ఉంటుంది. నమూనా ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పే మామూలు సలహా ఇక్కడ తిరగబడుతుంది. ఏటా నట్టల దినాన మింగే ఒక్క ఆల్బెండజోల్ బిళ్ల ఈ పురుగుకు చాలదు.

ఈ పురుగు విషయంలో తప్పుడు పాజిటివ్ ఖరీదు కొన్ని ఐవర్‌మెక్టిన్ బిళ్లలు. కిలోకు 0.2 మి.గ్రా., అంటే 60 కిలోల మనిషికి 12 మి.గ్రా., ఒకటి లేదా రెండు రోజులు. ఆఫ్రికాలో ఈ మందుకు భయపడే కారణమైన లోవా లోవా పురుగు మన దేశంలో లేదు. గర్భిణులకు మాత్రం వాడరు. తప్పుడు నెగెటివ్ ఖరీదు ప్రాణం. కాబట్టి టాక్సోలో, హైడాటిడ్‌లో పాజిటివ్‌ను పదిసార్లు శంకించే వైద్యుడు ఇక్కడ తేలనిదాన్ని కూడా పాజిటివ్‌గానే తీసుకోవాలి. రిటుక్సిమాబ్‌కు, పెద్ద మోతాదు స్టిరాయిడ్‌కు ముందే మందు ఇచ్చేయాలి. స్టిరాయిడ్ ఆపడానికి వీల్లేని లూపస్ కిడ్నీ రోగికి పరీక్ష ఫలితం రావడానికి వారం పడుతుందంటే, నాట్ల చరిత్ర ఒక్కటే ఆధారంగా ముందు ఐవర్‌మెక్టిన్ ఇవ్వడంలో తప్పు లేదు. రక్తం మాత్రం మొదటి మోతాదుకు ముందే తీసి పెట్టాలి.

ఎందుకంటే ఆ మొదటి సీరమే తర్వాత కొలబద్ద. మందు పనిచేస్తే ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో ఇండెక్స్ మొదటిదానిలో 0.6 వంతు కన్నా కిందికి దిగాలి. 1.6 ఉన్న మనిషిది 0.9 దగ్గరికి వస్తే పురుగు నిజంగానే ఉండేది, పోయింది అనుకోవచ్చు. ఏడాదిన్నర తర్వాత కూడా 1.5 దగ్గరే కదలకుండా నిలిస్తే, రిటుక్సిమాబ్ మీద ఉన్నా లేకున్నా, మలాన్ని అగార్ ప్లేటు మీద చూసి అక్కడా ఏమీ లేకపోతే, అది మొదటినుంచీ ఫైలేరియాదో గ్లోబ్యులిన్లదో అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ మాట రోగి ఫైలులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. మరో ఊర్లో మరో డాక్టరు ఇదే పరీక్ష మళ్లీ రాస్తారు, అదే 1.5 మళ్లీ వస్తుంది.